పీఠం విశ్రాంతిలో ఉంది

న్యాయం ఆలస్యమైతే లోకం ఎలాగో సర్దుకుంటుంది గానీ, మర్యాద ఆలస్యమైతే సర్దుకోలేదు. ఈ సత్యాన్ని గ్రహించడానికి మానవజాతికి ఎన్నో యుగాలు పట్టింది. మన కథలోని కోర్టు మాత్రం దాన్ని చప్పున గ్రహించి, ఒక మర్యాద విభాగాన్ని స్థాపించి, దానికొక మర్యాదాధికారిని నియమించి, ఆయన చేతికొక మూలమట్టం ఇచ్చింది. మూలమట్టమంటే వడ్రంగులు బల్ల మూలలు సరిగ్గా కుదిరాయో లేదో చూసుకునే పనిముట్టు. ఆ కోర్టులో దాన్ని లాయర్ల నడుములకు ఆనించి చూసేవారు.

లాయరు హాల్లోకి అడుగు పెట్టగానే ఒకసారి వంగాలి. తన చోటికి చేరాక ఒకసారి, కూర్చునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి వంగాలి. దగ్గు వస్తే దగ్గే ముందొకసారి, దగ్గాక మరొకసారి. (తుమ్ముకు మినహాయింపు ఉంది. తుమ్మేటప్పుడు మనిషి ఎలాగూ వంగుతాడు కాబట్టి దాన్ని గౌరవం కిందే జమ కట్టాలని ఒక ఉపనియమం.) వంగినప్పుడు నడుము దగ్గర మూల సరిగ్గా కుదరాలి. తక్కువ వంగితే పొగరు, ఎక్కువ వంగితే వెటకారం. పీఠానికి వీపు చూపించకూడదు కాబట్టి బయటికి పోయేటప్పుడు వెనక్కి వెనక్కి నడవాలి. అందుకే ఆ కోర్టులో సీనియర్ లాయర్ని గుర్తుపట్టడం చాలా తేలిక. గడప తన్నుకుని పడనివాడు సీనియరు.

ఇంతమంది వంగేవాళ్ళలోనూ ఒక మధ్యవయసు లాయరు వంపుకు మాత్రం సాటి లేదు. మూలమట్టం ఆనించి చూస్తే అతని నడుముకూ దానికీ మధ్య కాగితం కూడా దూరేది కాదు. కొత్తగా చేరిన లాయర్లకు మర్యాదాధికారి అతన్ని వంచి చూపించేవాడు. ఆ విధంగా అతనికి మూలమట్టం అనే పేరు స్థిరపడి, అసలు పేరును అతను తప్ప అందరూ మరిచిపోయారు. కేసులు గెలిచేవాడా అంటే, కోర్టులో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఇంట్లో భార్య ఒక్కతే అడిగేది.

ఆమె అడగడానికి ఒక కారణముంది. ఆమె తండ్రి వడ్రంగి. కోర్టు వెనక గోడను ఆనుకునే ఆయన షాపు. మర్యాదాధికారి చేతిలోని మూలమట్టం కూడా ఆ షాపులో తయారైనదే. అటువంటి షాపుకు తాళం పడింది. తాళం మీద లక్క, లక్క మీద కోర్టు ముద్ర.

తాళం ఎందుకు పడిందో చెప్పుకోవాలి. అంతకు కొద్ది రోజుల ముందు కోర్టులో అన్నాచెల్లెళ్ళ ఆస్తి తగాదా ఒకటి విచారణకు వచ్చింది. కేసు వేసిననాడు ఇద్దరివీ నల్లటి జుట్లే. ఆ రోజు న్యాయమూర్తి కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్న సమయంలో గోడ అవతల వడ్రంగి ఒక తలుపు చట్రానికి మేకు దిగగొట్టాడు. టక్ టక్ టక్ మని మూడు దెబ్బలు వినబడ్డాయి. తీర్పు వచ్చేసిందనుకున్నారు ఇద్దరూ. అన్న కంటతడి పెట్టాడు, చెల్లెలు గొల్లుమంది. మెట్ల మీద ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి, ఇల్లు నీకంటే నీకని వాదులాడుకుని, ఒకే ఆటోలో వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. అన్నేళ్ళు విచారించిన కేసు గోడ అవతలి సుత్తితో తేలిపోవడం న్యాయస్థానానికి ఎంతటి తలవంపో చెప్పనక్కర్లేదు. చెక్క మీద చెక్కతోగాని ఇనుముతోగాని కొట్టే అధికారం కోర్టు పరిసరాల్లో ఒక్క న్యాయమూర్తికే ఉందని మర్యాదాధికారి నిర్ణయించి, కోర్టు పేరు మీద షాపుకు సీలు వేశాడు. నెలాఖరులోగా కోర్టు వద్దనకపోతే లోపలి సామాను వేలానికి పోతుందని గోడ మీద కాగితం అంటించాడు.

ఇంతవరకూ పద్ధతిగానే జరిగింది. ఒక్క చిన్న చిక్కు వచ్చింది. సీలు పడిన రోజు పొద్దున్నే, న్యాయమూర్తి కుర్చీ మరమ్మతు కోసం ఆ షాపుకే వెళ్ళింది.

కుర్చీ వెనక కాలు అంతకుముందు రోజు మధ్యాహ్నం విరిగింది. ఫట్ మంటే అందరూ విన్నారు, ఎవరూ విననట్టు కూర్చున్నారు. న్యాయమూర్తి కింద పడలేదు, ఒక పక్కకు ఒరిగారు. ఆయన ఒరిగాక ఆయన్ని సూటిగా చూడడం కోసం లాయర్లూ ఒరిగారు. ఆ పూట వాదోపవాదాలన్నీ ఏటవాలుగానే జరిగాయి. (ఆనాటి తీర్పులు కూడా ఒక పక్కకు ఒరిగాయని ఓడినవాళ్ళు అంటారు. ఓడినవాళ్ళు ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు.) సాయంత్రం కోర్టు ఖాళీ అయ్యాక కుర్చీని దుప్పటి కప్పి ఒక మూలన పెట్టి, తెల్లవారగానే వెనక గుమ్మం గుండా వడ్రంగి షాపుకు మోసుకుపోయారు. ఆ పని చేసింది సామాన్ల విభాగం. సీలు వేసింది మర్యాద విభాగం. ఒక విభాగం చేసేది ఇంకో విభాగం తెలుసుకోవాలనుకోవడం తొంగిచూడడమవుతుంది కాబట్టి, ఎవరూ తెలుసుకోలేదు.

తెలిశాక మర్యాదాధికారి గాభరా పడలేదు. న్యాయపీఠం విరిగిందనడం ఎవరికీ తగదనీ, పీఠం విశ్రాంతిలో ఉందని మాత్రమే అనాలనీ ఉత్తర్వు తీశాడు. కాలు, కోడు, విరుపు, మేకు, జిగురు అనే మాటలు హాల్లో పలకడం నిషేధించాడు. పీఠం లేకపోయినా పీఠం ఉన్న చోటు ఉంది గనుక, తివాచీ మీద కుర్చీ కాళ్ళు నొక్కుకుపోయిన గుర్తులకు లాయర్లు యథావిధిగా వంగాలన్నాడు. లాయర్లు వంగారు. వంగి, కేసులు వాయిదా వేయించుకుని, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయేవారు.

*

షాపు పోయాక మామగారు కూతురింటికి వచ్చి మకాం పెట్టాడు. పనిముట్లన్నీ సీలు లోపల ఉన్నాయి, చేతులు మాత్రం బయట ఉన్నాయి. ఆ చేతులు ఊరుకోలేదు. మొదటిరోజు పడకగది తలుపు బిగుతుగా ఉందని కూరగాయల కత్తితో అంచు చెక్కాడు. తర్వాత అది వదులైందని గడియ మార్చాడు. గడియ మార్చాక తలుపు పడటం మానేసింది. భోజనాల బల్ల ఒక కాలు పొడుగుందని కాస్త తీశాడు, దానికి సమంగా మిగతావి తీశాడు, మళ్ళీ మొదటిది పొడుగనిపించింది. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో అందరూ నేల మీద కూర్చుని ఆ బల్ల మీద తింటున్నారు.

"అల్లుడుగారూ, ఇవాళైనా మన సంగతి కోర్టులో చెప్పారా?" అన్నాడు మామగారు, అన్నం కలుపుతూ.

"లేదు మావయ్యా. పీఠం విశ్రాంతిలో ఉంది."

"విశ్రాంతేంటండీ, నా మొహం! వెనక కాలు విరిగి నా షాపులో బోర్లా పడుంది. బోర్లా పడేసింది నేనే కదా."

"మావయ్యా, మెల్లగా. ఆ మాట అనకూడదు."

"ఏ మాట? విరిగిందనా, బోర్లా అనా?"

"రెండూ."

"ఇక్కడ కూడానా? మీ ఇంట్లో కూడానా?"

మూలమట్టం కంచం మీదికి వంగాడు. భార్య గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, ఆయన్నేం అనకు. ఆయన ఇంట్లోకి వచ్చేటప్పుడు కూడా వంగే వస్తున్నారు. నిన్న స్నానాల గదిలోంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి నా మీద పడ్డారు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఏవండీ, నాన్నకి రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుంటున్నారు. ఉలీ రంపం వేలంలో పోతే ఆయన బతకరు. ఒక్క మాట చెప్పడానికి అంత కష్టమేంటండీ మీకు?" అంది.

మూలమట్టానికి మామగారంటే భయం, భార్యంటే ప్రేమ, కోర్టంటే ఆ రెండూ. అతను మర్నాడు మర్యాదాధికారి గదికి వెళ్ళాడు. ఆయన బల్ల వెనక కూర్చుని మూలమట్టాన్ని మెత్తటి గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"అయ్యా, న్యాయమూర్తిగారు ఇంకో కుర్చీలో కూర్చుని విచారించవచ్చు కదా," అన్నాడు వంగి.

"ఏ కుర్చీలో?"

"మామూలు కుర్చీలో."

మర్యాదాధికారి చెవులు మూసుకోబోయి, తమాయించుకున్నాడు. "చూడు బాబూ, పీఠం హాల్లో ఉన్న అన్ని కుర్చీలకన్నా జానెడు ఎత్తుండాలి. మామూలు కుర్చీ మామూలు ఎత్తే ఉంటుంది. దాంట్లో కూర్చుంటే న్యాయమూర్తిగారు తన కోర్టును తానే ధిక్కరించినట్టు. అప్పుడాయన మీద ఆయనే విచారణ జరపాలి. జరపాలంటే కూర్చోవాలి. ఎక్కడ కూర్చుంటారు?"

"పోనీ, నిలబడి విచారిస్తే?"

"న్యాయమూర్తి లేచి నిలబడితే కోర్టు ముగిసినట్టు లెక్క. మొదలుపెట్టకముందే ముగిసిపోయిన విచారణకి నువ్వు హాజరవుతావా?"

"పోనీ, సీలు మీరే తీయిస్తే? వేసింది మీరే కదండీ."

"వేసింది కోర్టు పేరు మీద. కోర్టు పేరు మీద వేసినదాన్ని కోర్టును అడక్కుండా తీస్తే నా మర్యాద ఏం కాను? అడుగుదామంటే పీఠం విశ్రాంతిలో ఉంది." ఆయన లేచి, అలవాటుగా అతని నడుముకు మూలమట్టం ఆనించి చూశాడు. "అద్భుతం. నీలాంటివాళ్ళు పదిమందుంటే ఈ కోర్టుకి ఏ లోటూ ఉండదు," అని భుజం తట్టి పంపాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ వేలానికి పోతుందన్న దిగులు ఆయనకూ ఉంది. అయితే న్యాయపీఠానికి వెల కట్టి పాట పాడడం ఘోరమైన ధిక్కారం కాబట్టి ఎవరూ పాడరనీ, ఎవరూ పాడకపోతే అది అక్కడే గౌరవంగా ఉంటుందనీ ఆయన ధైర్యం. ఉలుల, రంపాల సంగతి నియమాల్లో లేదు.

*

నెల చివరికొచ్చింది. మూలమట్టం గడ్డం పెరిగిపోయి, పెరిగిన గడ్డంతో కోర్టుకు వెళ్ళడం కూడా అమర్యాదే కాబట్టి, కోర్టు వీధిలోని సెలూన్‌కు వెళ్ళాడు. మొహమంతా నురగ పూయించుకుని, కత్తి గొంతు మీద ఉండగా, అద్దంలోంచి పక్క కుర్చీ వైపు చూశాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుని సాక్షాత్తూ న్యాయమూర్తిగారు కూర్చున్నారు.

అతని నడుము దానంతటది వంగబోయింది.

"కదలకండి సార్, గొంతు!" అని కేక పెట్టాడు సెలూన్ యజమాని.

కేసు ఉన్న లాయరు కోర్టు బయట న్యాయమూర్తితో మాట్లాడకూడదు. మాట్లాడితే తప్పు, పలకరించకపోతే మర్యాద తప్పు. మూలమట్టం ప్రాణం కడబట్టింది. న్యాయమూర్తిగారు ఆ ఇబ్బంది కనిపెట్టి అద్దంతో మాట్లాడడం మొదలుపెట్టారు.

"ఎన్నాళ్ళైందో ఇలా కూర్చుని!" అన్నారు, కళ్ళు మూసుకుని. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గదిలో నిలబడే ఉంటున్నాను. నేను కూర్చుంటే ఏది పీఠమైపోతుందోనని భయపడి నా గదిలో కుర్చీలు కూడా తీయించేశారు."

"కాళ్ళు వాచిపోవూ సార్!" అంటూ సెలూన్ యజమాని కింద ఉన్న పెడలు నాలుగుసార్లు తొక్కాడు. కుర్చీ న్యాయమూర్తితో సహా పైకి లేచింది. న్యాయమూర్తి కళ్ళు తెరిచారు. పక్కనున్న లాయరు నెత్తి ఆయనకు కిందుగా కనిపించింది.

"ఇది ఇంకా లేస్తుందా?"

"చాలా లేస్తుంది సార్, పిల్లల్ని కూర్చోబెట్టినప్పుడు పూర్తిగా లేపుతాం. కాకపోతే పంపు కాస్త లీకు. గడ్డం అయ్యేదాకా ఆగుతుంది. క్రాఫు కూడా చేయాలంటే మధ్యలో మళ్ళీ తొక్కాలి."

"దేంతో తొక్కాలి?"

"కాలితోనే సార్. ఇంక దేంతో తొక్కుతాం?"

న్యాయమూర్తి చాలాసేపు అద్దంలోకి చూశారు. అద్దంలో నురగ మొహంతో మూలమట్టం కూడా ఆయన్ని చూశాడు. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. (ఈ విషయాన్ని తర్వాత ఇద్దరూ ప్రమాణం చేసి చెప్పారు.) మర్నాడు, అంటే నెలాఖరు రోజున, సెలూన్ కుర్చీని తాత్కాలిక పీఠంగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది. మర్యాదాధికారి దాన్ని కొలిచి, పూర్తిగా లేపితే జానెడుకు పైగా ఎత్తుందని ఒప్పుకున్నాడు. పీఠాన్ని కాలితో తొక్కడం ఊహకందని అపచారం కాబట్టి, అది ఇంకా పీఠం కాకముందే వరండాలో సెలూన్ యజమాని చేత తొక్కించి, పైకి లేపి, పెడలుకు ఎర్ర పట్టుగుడ్డ చుట్టి, నలుగురు బంట్రోతుల చేత లోపలికి మోయించాడు. గడప దాటగానే అది పీఠమైంది. ఇక దాన్ని తొక్కేవాడు లేడు.

*

హాలు కిక్కిరిసింది. వెనక బల్ల మీద మామగారు, ఆయన పక్కన కూతురు కూర్చున్నారు. న్యాయమూర్తి పీఠమెక్కి, చాలా రోజుల తర్వాత కూర్చుంటున్న మనిషిలా నిట్టూర్చి, "మొదటి కేసు," అన్నారు. మొదటి కేసు వడ్రంగి షాపు సీలుది.

మర్యాదాధికారి ముందు మాట్లాడాడు. మాట్లాడే ముందు మహా ఘనత వహించిన, సకల ధర్మాలకూ ఆటపట్టైన, సత్యానికి కట్టుకొమ్మైన న్యాయపీఠాన్ని దాని గుణగణాలన్నిటితో సంబోధించాడు. ఆ సంబోధన అయ్యేసరికి పీఠం బెత్తెడు కిందికి దిగింది. సుత్తి దెబ్బల వల్ల కోర్టు పరువు ఎలా పోయిందో వివరించేసరికి మరో బెత్తెడు దిగింది. న్యాయమూర్తి గడ్డం బల్ల అంచుకు వచ్చింది. ఎవరూ చూడనట్టే ఉన్నారు. కానీ న్యాయమూర్తి కన్నా ఎత్తుగా ఉండడం తప్పు కాబట్టి, ముందు వరసలో లాయర్లు మెల్లగా భుజాలు దించారు. రెండో వరసవాళ్ళు కుర్చీల్లోంచి ముందుకు జారారు.

మూలమట్టం వంతు వచ్చింది. అతను లేచి, వంగి, నేలను చూస్తూ మొదలుపెట్టాడు.

"మహా ఘనత వహించిన, సమస్త లోకాలకూ చల్లని నీడైన, పక్షపాతమనే మాట కూడా ఎరుగని న్యాయపీఠం వారి సముఖానికి, ఈ అల్పుడు, తన అల్పత్వాన్ని పూర్తిగా ఎరిగినవాడై, తమ అమూల్యమైన కాలంలో అతి స్వల్ప భాగాన్ని..."

ఈ సంబోధన నియమావళిలోనిదే. పూర్తిగా చదవనిదే విన్నపం చెల్లదు. దానికి మూడు భాగాలున్నాయి. మొదటి భాగం సగంలో ఉండగా వెనకనుంచి మామగారి గొంతు వినబడింది.

"అల్లుడుగారూ! కుర్చీ దిగిపోతోంది!"

"నిశ్శబ్దం!" అన్నాడు మర్యాదాధికారి. ఆయన అప్పటికే మోకాళ్ళ మీద ఉన్నాడు.

మూలమట్టం వంగిన చోటునుంచే తల కాస్త ఎత్తి చూశాడు. బల్ల మీద న్యాయమూర్తి కళ్ళద్దాలు, వాటిపైన కొత్తగా దువ్విన క్రాఫు మాత్రమే కనిపిస్తున్నాయి. కళ్ళద్దాల వెనక కళ్ళు అతన్నే చూస్తున్నాయి. ఆ చూపు అతను సెలూన్ అద్దంలో చూసిన చూపే. ఇంకాస్త దిగితే పీఠం మిగతా కుర్చీలతో సమమవుతుంది. సమమైతే అది పీఠం కాదు, ఇది కోర్టు కాదు, రేపు పొద్దున వేలం. అతనికి మామగారి ఖాళీ చేతులు గుర్తొచ్చాయి. ఉన్నట్టుండి ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి వంగినందుకు మొత్తం ఒక్కసారే మండింది.

అతను నిటారుగా నిలబడ్డాడు. హాలంతా అణిగి ఉన్న సమయంలో నిలబడ్డాడేమో, ఉన్నదానికన్నా చాలా పొడుగ్గా కనిపించాడు.

"అయ్యా, మీ కుర్చీ కాలు విరిగింది. అది మా మామగారి షాపులో బోర్లా పడి ఉంది. సీలు తీయించండి. రేపటికల్లా బాగు చేసిస్తారు. ఆయన్ని పని చేసుకోనివ్వండి."

అంతే. వంగలేదు కూడా.

"సీలు తీయండి," అంది న్యాయమూర్తి గొంతు. "సుత్తి కొట్టుకోనివ్వండి." ఒక చెయ్యి బల్ల కిందనుంచి పైకి వచ్చి, కొయ్యసుత్తి కోసం తడుముకుని, దొరక్క, పిడికిలితో బల్లను మూడుసార్లు కొట్టి, మళ్ళీ కిందికి పోయింది. ఆ తర్వాత ఆ రోజు న్యాయమూర్తిని ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం కోర్టు వెనక వీధిలో సుత్తి చప్పుడు వినబడింది. మూలమట్టం, భార్య రోడ్డుకు ఇవతల నిలబడి విన్నారు. మామగారు కుర్చీని ఒళ్ళోకి తీసుకున్నట్టే తీసుకుని, విరిగిన కాలుకు అదే రకం చెక్కను గీతకు గీత కలిసేట్టు వెతికి అతికి, రుద్ది, మెరుగు పెడుతున్నాడు. మధ్యమధ్య చూపుడువేలితో తడిమి చూసుకుని తనలో తానే నవ్వుకుంటున్నాడు. భార్య పమిటతో కళ్ళు తుడుచుకుంది.

"మీరు ఇవాళ ఎంత పొడుగ్గా ఉన్నారో తెలుసా?" అంది. పెళ్ళయ్యాక ఆమె అతన్ని మెచ్చుకోవడం అదే మొదలు. అతను సిగ్గుపడి వంగబోయి, మానుకున్నాడు.

*

పీఠం విశ్రాంతి ముగించుకుని యథాస్థానానికి విచ్చేసింది. ఆ పీఠం మీద న్యాయమూర్తి కూర్చుని చేపట్టిన మొదటి విచారణ మూలమట్టం మీదే. నేరం, వంగకపోవడం కాదు. మర్యాదాధికారి దాన్ని పెద్దమనసుతో వదిలేశాడు. (నడుము నొప్పి కింద రాయించాడు.) నేరం అంతకన్నా పెద్దది. న్యాయస్థానం పట్ల లాయరుకున్న మర్యాదలన్నిటిలోకీ గొప్పది, దాని ముందు అబద్ధమాడకపోవడం. ఈ లాయరు నిండు కోర్టులో నిలబడి, కుర్చీ కాలు విరిగిందన్నాడు. అటువంటిదేమీ జరగలేదని కోర్టు పత్రాలు చెబుతున్నాయి. పీఠం విశ్రాంతిలో ఉందని మాత్రమే వాటిలో ఉంది.

సాక్షిగా వడ్రంగిని పిలిచారు. బోను ఎక్కే ముందు కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నా, 'అది విరిగింది, నేను బాగు చేశాను' అని చెప్పు. ఆ ఒక్క ముక్క చాలు. ఇంకేం మాట్లాడకు."

"నాకు తెలీదా అమ్మా," అన్నాడు మామగారు.

కుర్చీ న్యాయమూర్తి కిందే ఉంది. బంట్రోతులు బల్ల ముందు చెక్క తీసి దాని కాళ్ళు కనబడేట్టు చేశారు. మర్యాదాధికారి వంగి, వెనక కాలును చాలాసేపు పరీక్షగా చూశాడు.

"పెద్దాయనా, ఇక్కడేదో గీత లాంటిది కనిపిస్తోంది. అతుకు సరిగ్గా కుదరనట్టుంది," అన్నాడు.

మామగారి మొహం ఎర్రబడింది. "ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడ. కాస్త మోటుగానే ఉంది."

"మోటా? నా పని మోటా?" మామగారు బోనులోంచి సగం బయటికి వచ్చాడు. "కళ్ళు పెట్టి చూడండి! వేలితో తడమండి! అతుకు కనిపిస్తే నా చెయ్యి తీయించుకుంటాను. ఈ లోకంలో ఎవరొచ్చి చూసినా సరే, ఇది విరిగిన కుర్చీ అని చెప్పమనండి చూద్దాం!"

"రాసుకోండి," అన్నాడు మర్యాదాధికారి. "ఎవరొచ్చి చూసినా ఇది విరిగిన కుర్చీ అని చెప్పలేరు."

వెనక బల్ల మీద కూతురు తల పట్టుకుంది. మూలమట్టం లేచి, చివరి ఆశగా, అతుకు విప్పి చూపించమని మామగారిని అడిగాడు. ఆయన అల్లుణ్ణీ కుర్చీనీ మార్చి మార్చి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాబూ, ఇంకేదైనా అడగండి. మా అమ్మాయికోసం ప్రాణమైనా ఇస్తాను. ఇంత బాగా కుదిరిన పనిని నా చేత్తో నన్ను విరవమంటే ఎలా?"

ఇక మిగిలింది న్యాయమూర్తి. ఆ కాలు విరిగిన రోజు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. ఒరిగింది ఆయనే. కానీ న్యాయమూర్తికి సొంతంగా తెలిసిన సంగతి సాక్ష్యం కాదు. సాక్ష్యం కావాలంటే ఆయన లేచి బోనెక్కాలి, ఆయన లేస్తే కోర్టు ముగిసినట్టు లెక్క. ఆయన కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, లేవబోయి, మర్యాదాధికారి వైపు చూసి, కూర్చుండిపోయారు. ఏడాదిపాటు మూలమట్టం ఏ కోర్టులోనూ వాదించరాదని తీర్పు చెప్పారు. చెబుతూ కుర్చీలో అటూ ఇటూ కదిలారు. కుర్చీ మాత్రం కిర్రుమనలేదు.

మూలమట్టం వంగాడు. మర్యాదాధికారి వచ్చి కొలత పెట్టి చూశాడు. సందులో కాగితం కూడా దూరలేదు. అతను పీఠానికి వీపు చూపకుండా, గడప తగలకుండా, వెనక్కి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళుగా ఆ హాల్లో అతను చెప్పిన మాటలన్నిటిలో, అబద్ధమని తేలింది అదొక్కటే.